తాతయ్య ఎప్పుడు లేస్తాడు?

ప్రశ్న: నమస్తే అమ్మా. మాది శ్రీకాకుళం. బాబుకి ఆరేళ్లు, పాపకి మూడేళ్లు. మావారిది, అత్తయ్యగారిది చిన్నప్పటి నుంచీ బాప్టిస్టు సంఘం. నేను పెళ్లయ్యాక చర్చికి వెళ్లడం మొదలుపెట్టాను, కాబట్టి చిన్నపిల్లలతో ఈస్టర్ ఎలా చేస్తారో నాకు ఇంట్లో చూసిన అలవాటు లేదు. పోయిన ఆగస్టులో మామయ్యగారు పోయారు. ఆయన పోయాక ఇదే మొదటి ఈస్టర్. ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికే పిల్లలిద్దరినీ సమాధుల తోటకి తీసుకెళ్లాలని అత్తయ్యగారు పట్టుబడుతున్నారు. పిల్లలు భయపడతారు, వద్దంటున్నారు మావారు. ఈలోగా బాబు, "యేసుప్రభువు మూడు రోజుల్లో లేచాడు కదా, తాతయ్య ఎప్పుడు లేస్తాడు?" అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు. పైగా చర్చిలో తెర మీద వేసిన సిలువ సినిమా చూసి వాడు రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాడు. గుడ్ ఫ్రైడే ఆరాధనకి మూడు గంటలు కూర్చోబెట్టాలంటే టెన్షన్‌గా ఉంది. స్కూల్లో స్నేహితులు చెప్పారని గుడ్లు దాచి వెతికే ఆట కావాలంటాడు. అది మన పండగ కాదంటారు అత్తయ్యగారు. ఆ మూడు రోజులూ ఎలా గడపాలో చెప్పండి. – ఒక తల్లి, శ్రీకాకుళం

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో సినిమా ఉంది, ఆరాధన ఉంది, గుడ్లు ఉన్నాయి. కానీ మీ నిద్ర చెడగొడుతున్నది బాబు అడిగిన ప్రశ్నే అనిపించింది నాకు. ముందు దాని సంగతి చూద్దాం.

ఆ ప్రశ్న అడిగాడంటే సండే స్కూల్లో చెప్పింది వాడు శ్రద్ధగా విన్నాడన్నమాట. ప్రభువును సమాధిలో పెట్టారు, ఆయన లేచాడు. తాతయ్యనూ సమాధిలో పెట్టారు. మరి ఆయన సంగతేమిటి? ఇన్నేళ్లుగా పునరుత్థాన ప్రసంగాలు వింటున్న మనం నోరు తెరిచి అడగని ప్రశ్న ఇది. చనిపోయినవాళ్లు తిరిగి ఇంటికి రారన్న సంగతి పిల్లలకు ఒక్కరోజులో తెలిసిపోదు. మూడేళ్ల మీ పాప లెక్కలో తాతయ్య ఏదో ఊరు వెళ్లాడు, వస్తాడు. అయిదు నుంచి ఏడేళ్ల మధ్యలో ఆ ఎరుక మెల్లగా వస్తుంది, ఒకరోజు అర్థమైనట్టుంటుంది, మర్నాడు మళ్లీ మొదటికొస్తుంది. బాబు సరిగ్గా ఆ మధ్యలో ఉన్నాడు. అలాంటివాడికి సమాధి ఖాళీ అయిన కథ చెప్పి, చీకటితోనే లేపి తాతయ్య సమాధి దగ్గరకే తీసుకెళ్తే, తాతయ్య లేచి వస్తాడని ఎదురుచూడక ఏం చేస్తాడు?

అందుకే తోటకి వెళ్లే ముందే, వారం మధ్యలో ఎప్పుడైనా ఇంట్లో తీరిగ్గా కూర్చుని చెప్పండి. నేనైతే ఇలా చెప్తాను: "తాతయ్య చనిపోయాడు నాన్నా. ఇప్పుడు ఆయనకి ఊపిరి లేదు, ఆకలి లేదు, నొప్పి కూడా లేదు. యేసుప్రభువు లేచినట్టే తాతయ్య కూడా ఒకరోజు లేస్తాడని మనం నమ్ముతాం. ఆ రోజు ఎప్పుడో నాకు తెలీదు, నాన్నకీ తెలీదు, పాస్టరు అయ్యగారికీ తెలీదు. ఈ ఆదివారం మాత్రం కాదు. ఆదివారం మనం తాతయ్య సమాధి దగ్గర పూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించి, పాట పాడి వచ్చేస్తాం." ఇందులో 'ఈ ఆదివారం మాత్రం కాదు' అన్న మాట మీకు కఠినంగా అనిపించి మింగేస్తారేమో. మింగకండి. ఆ ఒక్క మాట లేకపోతే మిగతాదంతా విని కూడా పిల్లవాడు ఆశపడతాడు, సమాధి దగ్గర నుంచి రానని మొండికేస్తాడు. వాడు ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతాడు. ప్రతిసారీ ఇదే జవాబు, ఇవే మాటల్లో చెప్పండి. కొత్త వివరణలు కలిపితే వాడు తికమకపడతాడు.

'తాతయ్య నిద్రపోతున్నాడు' అని మాత్రం ఇంట్లో ఎవరూ అనకుండా చూడండి. సమాధి రాళ్ల మీద 'ప్రభువునందు నిద్రించిరి' అని చెక్కించడం మనకు అలవాటే. ఒకటో తరగతి పిల్లవాడు కూడబలుక్కుని అది చదివేస్తాడు కూడా. చదివితే, చనిపోయారని చెప్పడానికి పెద్దవాళ్లు అలా రాస్తారు, మనం రాత్రి పడుకునే నిద్ర వేరు అని అప్పటికప్పుడే చెప్పేయండి. అసలే రాత్రుళ్లు ఉలిక్కిపడుతున్నాడు. నిద్రపోయిన తాతయ్యని తీసుకెళ్లి మట్టిలో పెట్టారని వాడి బుర్రలో పడితే ఇక కళ్లు మూయడానికే భయపడతాడు.

మరి తీసుకెళ్లాలా వద్దా? తీసుకెళ్లండి. మీవారు వద్దంటున్నారని రాశారు. నాన్న పోయిన తర్వాత మొదటిసారి అక్కడ నిలబడబోయేది ఆయన కూడా. పిల్లల భయం అని ఆయన అంటున్నదాంట్లో కొంత ఆయన బాధే ఉండొచ్చు. అది మీరిద్దరూ మాట్లాడుకోవాల్సిన సంగతి. నాలుగింటికి లేపనక్కర్లేదు. అత్తయ్యగారూ మీవారూ అలవాటు ప్రకారం ముందు వెళ్తారు. మీరు పిల్లల్ని నిద్ర తీరాక ఆటోలో అయిదున్నరకి చేర్చండి. ఏప్రిల్ మొదట్లో మన శ్రీకాకుళంలో దాదాపు అయిదూ ముప్పావుకి పొద్దు పొడుస్తుంది. కొవ్వొత్తులు వెలుగుతూ ఉండగానే తెల్లారిపోతుంది, చీకటి భయం ఉండదు. పాప లేవకపోతే లేపకండి, ఎవరో ఒకరి దగ్గర పడుకోబెట్టండి. దారిలో బాబుకి చంద్రుణ్ణి చూపించండి. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పున్నమి దాటాక వచ్చే ఆదివారమే ఈస్టర్. అందుకే మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 లోపు తేదీ మారుతూ ఉంటుంది: 2026లో ఏప్రిల్ 5, 2027లో మార్చి 28. పున్నమి దాటిన వారంలోనే పండగ కాబట్టి, మబ్బు లేకపోతే ఏ ఏడాదైనా ఆ తెల్లవారుజామున తరుగుతున్న చంద్రుడు ఆకాశంలో ఉండి తీరతాడు. మొదటి ఈస్టర్ నాడు ప్రభువు సమాధి దగ్గరకి వెళ్లిన ఆడవాళ్లకీ అలాంటి చంద్రుడే కనిపించి ఉంటాడని చెబితే బాబు కళ్లు పెద్దవి చేసుకుని వింటాడు.

అక్కడ నానమ్మ ఏడుస్తుంది. అదీ ముందే చెప్పండి: "నానమ్మకి తాతయ్య గుర్తొచ్చి ఏడుపొస్తుంది. నువ్వేం తప్పు చేయలేదు. కావాలంటే వెళ్లి చెయ్యి పట్టుకో." పండగ పూట ఏడవకూడదని ఎవరైనా పెద్దమనిషి ఆవిడకి చెప్పబోతే మీరు అడ్డుపడండి. యోహాను సువార్తలో మొదటి ఈస్టర్ ఉదయం మగ్దలేనే మరియ ఏడుస్తూనే ఉంది. ఎదురుగా నిలబడ్డది ప్రభువని గుర్తుపట్టక తోటమాలి అనుకుంది. పేరు పెట్టి పిలిచాక గానీ ఆమెకు తెలియలేదు. పిల్లలకు చెప్పడానికి నాకు తెలిసినంతలో ఈ ఘట్టమే అన్నిటికంటే బాగుంటుంది. రక్తం లేదు, భయం లేదు. ఒక తోట, ఒక ఏడుపు, ఒక పిలుపు, అంతే. బాబు పేరుతోనే ఒకసారి ఆ పిలుపు పిలిచి చూపించండి.

ఇవన్నీ కుదరాలంటే శనివారం బాగా జరగాలి. శనివారం అంటే మనవాళ్లు ఊరికే దాటించేసే రోజు. పిల్లలకు మాత్రం ఆ మూడు రోజుల్లో ఎక్కువ పని దొరికేది అప్పుడే. ఒంటిపూట బడి కాబట్టి మధ్యాహ్నానికి బాబు ఇంటికొచ్చేస్తాడు. ఎండ తగ్గాక సాయంత్రం అయిదింటికి సమాధి శుభ్రం చేయడానికి వెళ్లేటప్పుడు వాణ్ణి వెంట తీసుకెళ్లండి. పగటి వెలుగులో ఒకసారి చూసిన చోటు కాబట్టి మర్నాడు తెల్లవారుజామున అది వాడికి కొత్త కాదు. ఎండుటాకులు ఏరడం, నీళ్లు చల్లడం, పూలు అందించడం వాడి పని. ఇది మల్లెల కాలం, రెండు మూరలు వాడి చేతికే ఇచ్చి అమర్చమనండి. వెల్ల వేసే పని మాత్రం పెద్దవాళ్లదే. సున్నం కంట్లో పడితే ప్రమాదం, కలిపే చోటికి కూడా రానివ్వకండి. గడ్డీ ముళ్లూ ఉంటాయి, చెప్పులు కాదు, బూట్లు వేయండి. ఆదివారం కొవ్వొత్తుల మధ్య తిరుగుతారు కాబట్టి పాపకి నెట్ గౌను, నైలాన్ గౌను వద్దు, నూలు బట్టలు వేసి జుట్టు గట్టిగా కట్టండి. పండగ ఫొటోల కోసం కొన్న గౌను మధ్యాహ్నం వేసుకోవచ్చు.

తాతయ్య బాబుని ఎక్కడికి తిప్పేవారో, ఏం కొనిపెట్టేవారో మీరు రాయలేదు. ఏదో ఒకటి ఉండే ఉంటుంది. నాగావళి పాత బ్రిడ్జి దాకా సైకిల్ మీద తీసుకెళ్లేవారేమో, సాయంత్రం బజ్జీలు తెచ్చేవారేమో. తోట నుంచి వచ్చేటప్పుడు ఆ దారినే రండి, అదే కొనండి. పిల్లలు మనలా గంట సేపు కూర్చుని దుఃఖించలేరు. రెండు నిమిషాలు దిగులుపడి, మూడో నిమిషంలో బజ్జీ అడుగుతారు. అది చూసి 'వీడికి తాతయ్య మీద ప్రేమ లేదు' అని ఎవరూ అనుకోకుండా చూసుకోండి.

ఇక శుక్రవారం. పన్నెండు నుంచి మూడు వరకు, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల ఆరాధన, ఏడుగురు బోధకులు, ఒక్కొక్కరూ ఆఖరి మాట తమదే అన్నట్టు చెప్తారు (నాకూ ఆ ఆరాధనంటే ఇష్టమే, అయినా నిజం నిజమే). ఏప్రిల్ ఎండలో మూడేళ్ల పిల్లని మూడు గంటలు అక్కడ కూర్చోబెడితే మీరూ వినరు, పక్కవాళ్లూ వినరు. పాపని ఇంట్లోనే ఉంచండి. బాబుని ఒక్క మాటకి తీసుకెళ్లండి. మూడో మాట తల్లిని స్నేహితుడికి అప్పగించింది, అయిదో మాట దాహం. ఈ రెండూ ఆరేళ్లవాడికి అర్థమవుతాయి. నన్నడిగితే అయిదోది. ఒంటిగంటన్నరకి తీసుకెళ్లి, వినిపించి, బయటికొచ్చి, మూడింటికి ఆరాధన ముగిసి వచ్చేవాళ్లకి మజ్జిగ గ్లాసులు అందించే పని వాడికి పెట్టండి. ఉపవాసం ఉన్న నానమ్మకి మొదటి గ్లాసు వాడే ఇవ్వాలి. పిల్లల చేత ఉపవాసం మాత్రం చేయించకండి. ఎవరైనా 'పొద్దుటి టిఫిన్ మానేస్తే ఏమవుతుంది' అంటే, ఈ ఎండలో సొమ్మసిల్లుతారు అని చెప్పేయండి.

సినిమా సంగతి. అందులో తప్పు సిలువది కాదు, వయసుది. తెర మీద ఆ కొరడా దెబ్బలు చూసి పెద్దవాళ్లే తల తిప్పుకుంటారు. "ఏం చూశావు? ఎక్కడ భయమేసింది?" అని పగటిపూట అడగండి, చెప్పనివ్వండి, బొమ్మ గీస్తానంటే గీయనివ్వండి. వాళ్లు నటులనీ, ఆ రక్తం రంగు అనీ, సినిమా అయిపోగానే ఆయన ముఖం కడుక్కుని భోజనం చేసుంటాడనీ చెప్పండి. ప్రభువు నిజంగా బాధపడి చనిపోయాడన్న మాట దాచక్కర్లేదు. "చెడ్డవాళ్లు ఆయన్ని సిలువ వేశారు, ఆయన చనిపోయాడు, వాళ్ల అమ్మా స్నేహితులూ చాలా ఏడ్చారు" అంటే చాలు. మేకులు, ముళ్లు, బల్లెం వర్ణించే పని పెట్టుకోకండి. శుక్రవారం కథ చెప్పిన నోటితోనే, అదే కూర్చోవడంలో, ఆదివారం కథ కూడా చెప్పేయండి. 'మిగతాది ఎల్లుండి' అని ఆపితే మనకి ఉత్కంఠ, వాడికి రెండు రాత్రుల పీడకల. సండే స్కూల్ టీచరుకి కూడా ఈ సంగతి చెప్పండి, చిన్నపిల్లల్ని తెర ముందు కూర్చోబెట్టొద్దని అయ్యగారితో ఆవిడే చెప్తారు. ఇంకో నాలుగైదు వారాల తర్వాత కూడా ఉలికిపాటు తగ్గకపోతే పిల్లల డాక్టరుకి చూపించండి.

గుడ్ల విషయంలో అత్తయ్యగారు సగం రైటు. గుడ్లు తెచ్చిపెడుతుందనే ఆ ఈస్టర్ కుందేలు బైబిల్లో ఎక్కడా లేదు, అది జర్మనీ వైపు నుంచి వచ్చిన ఆచారం. దాన్ని మనం తెచ్చుకోనక్కర్లేదు. గుడ్డు మాత్రం చర్చిలో పాతదే. ఒకప్పుడు ఈస్టర్ ముందు వచ్చే శ్రమదినాల్లో మాంసంతో పాటు గుడ్లు కూడా మానేసేవారు. మనుషులు ఉపవాసం ఉన్నా కోళ్లు ఉండవు కదా, నలభై రోజుల గుడ్లు పోగయ్యేవి. వాటిని ఈస్టర్ నాడు పంచుకునేవారు. గ్రీసు, రష్యా వైపు క్రైస్తవులు ఇప్పటికీ ఎర్ర రంగు గుడ్లు పంచుతారు. ఈ సంగతి ఆవిడకి మీరు కాదు, బాబు చేత చెప్పించండి. తర్వాత రంగు వేసే పనికి ఆవిడనే పెద్దని చేయండి.

వారం ముందు నుంచి ఉల్లిపాయ తొక్కలు దాచండి. శనివారం రెండు మూడు గుప్పెళ్ల తొక్కలు అరగంట మరిగించి, వడకట్టి, చెంచాడు వెనిగర్ పోయండి. చల్లారిన ఆ నీళ్లలో తెల్ల గుడ్లు పెట్టి ఉడికిస్తే ఇటుక రంగు వస్తుంది. పసుపు నీళ్లలో అయితే పసుపు రంగు. ఉడికించే ముందు గుడ్డు మీద కొత్తిమీర రెమ్మో మునగాకో తడిపి అంటించి, పల్చటి పాత బట్టముక్కతో బిగించి కట్టి చూడండి. ఉడికాక విప్పితే ఆకు ఉన్న చోట లేత రంగు అచ్చు మిగులుతుంది. ఆకు ఏరేది పాప, అంటించేది బాబు, ముడి వేసేది నానమ్మ, పొయ్యి దగ్గర మీరు.

ఆ గుడ్లని పెరట్లో దాచొద్దు. మన ఎండకి ఉడికిన గుడ్డు గంటకి మించి బయట ఉంటే తినకూడదు, ఒకటి దొరక్కపోతే మర్నాటికి చీమలు వెతికిపెడతాయి. చాక్లెట్లూ అంతే, ఒంటి వేడికే కరిగేవి మన పెరట్లో ఎంతసేపు ఆగుతాయి? దాచడానికి రంగు కాగితం గుడ్లు కత్తిరించండి. వెనకాల చిన్న బొమ్మ గీయండి: మట్ట, రొట్టె, సిలువ, రాయి, మడిచిన బట్ట, సూర్యుడు. ఆదివారం పొద్దున టిఫిన్ అయ్యాక, ఎండెక్కక ముందే వెతికిస్తే, దొరికినవి వరసలో పెట్టి కథ బాబే చెప్తాడు. పక్కింటి పిల్లల్ని కూడా పిలవండి. పాపకి తక్కువ ఎత్తులో రెండు మూడు విడిగా దాచండి, లేకపోతే అన్నీ అన్నయ్యకే దొరికి ఇల్లు ఎగిరిపోతుంది. బహుమతిగా మామిడి తాండ్ర ముక్కలు బాగుంటాయి. ఎంత పలాస దగ్గరున్నా పాపకి జీడిపప్పు, పల్లీలు గుప్పిట్లో పోయకండి, ఆ వయసులో గొంతుకి అడ్డం పడతాయి.

ఇంకొకటుంది, దానికి ముందుగానే మొదలుపెట్టాలి. ఈస్టర్‌కి ముందు ఆదివారం, అంటే మట్టల ఆదివారం నాడు, చర్చి నుంచి రాగానే వెడల్పాటి పళ్లెంలో మట్టి పోసి మెంతులు, ఆవాలు చల్లండి. ఒక మూల సమాధిలా సగం విరిగిన మట్టి ప్రమిద బోర్లించి, ముందు గుండ్రటి రాయి పెట్టండి. రోజూ నీళ్లు చిలకరించడం పాప పని. ఆదివారానికి పచ్చగా మొలుస్తుంది. శనివారం రాత్రి పిల్లలు పడుకున్నాక ఆ రాయి పక్కకి జరిపేయండి. పొద్దున్న చూసి పాప ఏమంటుందో నాకు రాయాలి మీరు.

ఆదివారం వంట మీ ఒక్కరి మీద వేసుకోవద్దు, అత్తయ్యగారి మీద అసలే వద్దు. తెల్లవారుజామున లేచి, ఆరాధన చూసుకుని వచ్చి, గారెలూ కోడికూరా పులావూ అంటే ఈ ఏడాది ఆవిడ వల్ల కాదు. గారెల పిండి ముందు రాత్రే రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టండి, కూర మీవారికి అప్పగించండి. మధ్యాహ్నం అందరూ పడుకోండి.

ఓపిక ఉంటే సాయంత్రం కళింగపట్నం వెళ్లండి. లేచిన ప్రభువు ఒడ్డున బొగ్గుల మీద చేపలు కాల్చి, రాత్రంతా వల వేసి అలసిపోయిన శిష్యుల్ని టిఫిన్‌కి పిలిచిన కథ యోహాను 21వ అధ్యాయంలో ఉంది. సముద్రం పక్కన పెరిగే పిల్లలకి అది ఆ ఇసకలోనే చెప్పాలి. వంశధార కలిసే చోట నీళ్లలోకి మాత్రం దిగనివ్వకండి. ఆ వలలో పడ్డ పెద్ద చేపలు 153 అని సువార్తలో లెక్క ఉంది. ఒడ్డున చేపల బుట్ట కనిపిస్తే బాబుని లెక్కపెట్టమనండి, వందకి పైన అంకెలు వచ్చాయో లేదో కూడా తేలిపోతుంది.